ఐ అంటే కరెంటు

నీ ఐ తీసేసిన, అన్నాడు. బూటు లేసు కట్టుకుంటూ, తల ఎత్తకుండా, నోట్లో ఇడ్లీ ముక్క ఉండగానే అన్నాడు, నీ ఐ తీసేసిన పో ధాత్రీ, ఇగ నా ఐ ఒక్కటే ఉంది, అని. నేను నవ్వాను. నవ్వానా? దువ్వెన వెతుక్కుంటున్నాను, వంటింట్లోంచి అత్తయ్య పాలు పొంగుతున్నాయని కేకేస్తోంది, నవ్వినట్టే గుర్తు. మా ఆయన రాఘవేందర్ మాటల్లో సగం నన్ను ఉడికించడానికే ఉంటాయి, కాపురంలో నేను నేర్చుకున్నదేమిటంటే వాటిలో కొన్నింటికి నవ్వడం, మిగిలినవి వినకుండా వదిలేయడం. ఇప్పుడు అమీర్‌పేట స్టేషన్ దాటాక మెట్రో రైలు వంతెన మీద ఆగి ఉంది. వానకి రైళ్లు నెమ్మదిగా నడుస్తున్నాయని, ముందున్న రైలు పంజాగుట్ట వదిలేదాకా ఇక్కడే ఉంటామని మైకులో ఒక గొంతు చెప్పింది, ఆ గొంతుకి ఎప్పుడూ తొందర ఉండదు. అద్దం మీద నీళ్లు జారుతున్నాయి, కింద కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు తడిసి గోడలకి అతుక్కుపోయాయి, జావా, పైథాన్, డెమో క్లాసు ఉచితం. పంజాగుట్టలో మా ఫణీంద్ర గారు కొత్త కస్టమర్‌ని కూర్చోబెట్టుకుని నా కోసం చూస్తుంటారు, ఆయనే మా కంపెనీ యజమాని. అక్కడ ఏం చెప్పాలో మనసులో అనుకుంటున్నాను. మా పెట్టె కరెంటుని ఎలా కొలుస్తుందంటే, అని మొదలుపెడదామనుకున్నాను, కొలుస్తుందంటే దగ్గర ఆ మాట వచ్చి అడ్డం పడింది. నీ ఐ తీసేసిన. ఎక్కణ్ణించి తీసేశాడు?

మా ఇద్దరి మధ్య ఈ ఐ గొడవ పెళ్లికి ముందు నుంచీ ఉంది. అసలు ఆ గొడవ లేకపోతే పెళ్లే లేదు. ఇదే అమీర్‌పేటలో, ఇప్పుడు నా కాళ్ల కింద ఎక్కడో ఉన్న ఒక సందులో, జ్యూస్ షాపు పైన, ఏసీ నీళ్లు బకెట్లో పడే గదిలో కృష్ణమోహన్ సార్ సి లాంగ్వేజీ చెప్పేవారు. అందులో కాంప్లెక్స్ సంఖ్యల గురించి అక్కడ ఎవరూ చెప్పరు, ఇంటర్వ్యూలో అడగరు కాబట్టి. ఆయన చెప్పేవారు, ఆయనకి ఇష్టం కాబట్టి. వర్గం చేస్తే మైనస్ ఒకటి వచ్చే సంఖ్య ఏదైనా ఉందా అండి, లేదు, లేదు కనకే ఊహించుకున్నారు, ఆ ఊహ పేరు సి లో ఐ, పెద్ద అక్షరం ఐ, అని బోర్డు మీద నిలువుగా ఒక గీత గీశారు. నిజం భాగం ఒకటి, ఊహ భాగం ఒకటి, రెండూ కలిస్తే కాంప్లెక్స్ అనే రకం. ఉత్త ఊహకి కూడా విడిగా ఒక రకం ఉందని పుస్తకంలో రాశారు గానీ మనం రాసింది యంత్రానికి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ దాన్ని ఒప్పుకోదు, ఊహ పక్కన సున్నా అయినా సరే ఒక నిజం ఉండి తీరాలంటుంది, అన్నారు. నేను భీమవరంలో లెక్కలు చదువుకుని వచ్చినదాన్ని, ఎస్.ఆర్. నగర్ హాస్టల్ సాంబారు తప్ప ఈ ఊరి నుంచి ఇంకేమీ దక్కలేదని దిగులుగా ఉన్న రోజులు, ఆ మాట నాకు ఎంత నచ్చిందో. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "సార్, ఐ అంటే కరెంటు గద. మా ఎలక్ట్రికల్‌ల ఊహకు జె పెట్టుకున్నం. ఐ కరెంటుకు ఇచ్చేసినం సార్, ఇప్పుడు వాపస్ అడిగితే ఎట్ల?" క్లాసంతా నవ్వింది. కంపైలర్‌కి నీ బ్రాంచి తెలియదు నాయనా, కూర్చో, అన్నారు సార్. కూర్చోలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. చూడకపోయినా బాగుండేదేమో, ఈ బోరబండ అబ్బాయిని ఇంకే అమ్మాయో చేసుకుని ఉండేది, వాడు ఇప్పుడు ఏ సెల్లార్లోనో ఉన్నా నాకేం పట్టేది కాదు. ఏం మాటలివి, ఏమాలోచిస్తున్నాను నేను.

సెల్లార్. అవును, ఇప్పటికి చేరి ఉంటాడు. పంజాగుట్ట సెంటర్ దాటాక పెద్ద చీరల షాపు, దాని సెల్లార్లో మా పెట్టె పెడుతున్నారు ఈ రోజు. మెయిన్ కరెంటు లోపలికి వచ్చేచోట కూర్చుని ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు అని క్షణం క్షణం కొలుస్తూ, తేడా వస్తే స్విచ్ కొట్టేసే పెట్టె. కొలిచే భాగం రాసింది నేను, కొలిచింది చూసి ఏం చేయాలో చెప్పే భాగం రాసింది అతను. నా భాగంలో ఐ అంటే ఊహ, అతని నోట్లో ఐ అంటే కరెంటు. ఐ అన్న పేరు పెడితే కంపైలర్ తిడుతోందని అతను ఇన్నాళ్లూ కరెంటుకి వేరే ఏదో పేరు పెట్టుకుని, ఇల్లరికం వచ్చినట్టుంది నా పరిస్థితి అని రోజూ సణిగేవాడు. భోజనాల దగ్గర కూడా అదే. అత్తయ్య ఫోన్లో ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకుంటోంది, మంగవ్వ అని తన పేరు ఇంగ్లీషులో రాయడం వచ్చేసింది, ఇద్దరం ఐ ఐ అని అరుచుకుంటుంటే కంచం ముందు చేతులు ఆపి మమ్మల్ని చూసింది. "ఐ అంటే నేనే గదనే. ఐ యామ్ మంగవ్వ. గింత సదివిండ్రు, గదొక్కటి తెల్వదా మీకు?" అంది. ఎంత నవ్వుకున్నాం ఆ రోజు. రాఘవేందర్‌కి పొరమారితే అత్తయ్య నెత్తి మీద చేత్తో కొట్టింది, నిన్నెవరో తలుస్తుండ్రు బిడ్డా అని. ఇప్పుడు నేను తలుస్తున్నాను. నీకు పొరమారాలి రాఘవ్, చెయ్యి ఆపి దగ్గాలి నువ్వు.

కంగారు పడకుండా ఆలోచించాలి. నిన్న సాయంత్రం దాకా అంతా సరిగ్గానే ఉంది, బెంచి మీద పరీక్ష చేశాం, ఎంత కరెంటు పంపితే అంత చూపించింది. ఈ ఉదయం నేను స్నానానికి వెళ్లినప్పుడు అతను లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడే. మా ఇద్దరి ఫైళ్లూ చదువుకునే ఉమ్మడి ఫైలు ఒకటుంది, దాంట్లో ఒక్క వరస రాసి ఉంటాడు, అన్‌డెఫ్ ఐ. అంటే ఐ అన్న పేరుకి ఇదివరకు ఉన్న అర్థం మరిచిపో అని. తప్పేం కాదు, ఇలాంటి వాళ్లుంటారని తెలిసే సి లో దానికి దారి వదిలారు. అక్కడితో ఆగినా బతికిపోయేవాళ్లం, నా ఫైలు దగ్గరికి రాగానే ఐ ఎవరో నాకు తెలియదని కంపైలర్ మొరాయించేది, నన్ను కేకేసేవాడు. కానీ కిందనే తన ఐ పెట్టుకున్నాడు, కరెంటు, కాంప్లెక్స్ రకమే. నా ఫైల్లో ఐ కనబడగానే కంపైలర్ దాన్ని తీసుకుంది. ఒకే పేరున్న ఇద్దరున్న ఇంట్లో ఒకరు ఊరెళితే పోస్టుమాన్ రెండోవాడి చేతిలో ఉత్తరం పెట్టి పోయినట్టు. పేరు సరిపోయింది, రకం సరిపోయింది, ఒక్క హెచ్చరిక రాలేదు. అతను దాన్ని ఇంటికి తెచ్చుకున్న పెట్టెలోకి లోడ్ చేశాడు, బూట్లు వేసుకున్నాడు, నీ ఐ తీసేసిన అన్నాడు. దాచలేదు, చెప్పే వెళ్లాడు. నేను దువ్వెన వెతుక్కుంటున్నాను.

నా వరస ఏం చేస్తుంది? కరెంటు అల పైకీ కిందికీ పోతుంది, నేను దాన్ని ముక్కలుగా తీసుకుంటాను, ప్రతి ముక్కనీ కొంచెం కొంచెం తిప్పి కూడతాను. తిప్పేది ఐ. తిప్పకుండా కూడితే పైకి పోయిన సగమూ కిందికి పోయిన సగమూ ఒకదాన్నొకటి తినేస్తాయి, మిగిలేది సున్నా. ఇప్పుడు తిప్పాల్సిన చోట ఉన్నది అతని ఐ, అతని కరెంటు, పెట్టె ఆన్ చేసిన క్షణంలో అది సున్నా. సున్నాతో తిప్పితే తిప్పనట్టే. కూడితే సున్నా వస్తుంది, ఆ సున్నాని మళ్లీ ఐ లో పెడుతుంది, మళ్లీ దాంతోనే తిప్పబోతుంది, మళ్లీ సున్నా. ఎంత కరెంటు పోతున్నా దానికి సున్నాయే. వోల్టేజీ కొలిచేదీ ఆ వరసే కాబట్టి అదీ సున్నా. వేళ్ల మీద మళ్లీ లెక్క వేసుకున్నాను, ఎక్కడైనా నేను తప్పయి ఉంటే బాగుండునని, పెట్టె ఏదో పిచ్చి అంకె చూపించేలా ఉంటే బాగుండునని. పిచ్చి అంకె వస్తే మనిషి ఆగి ఆలోచిస్తాడు. సున్నాని మనిషి నమ్ముతాడు. పెట్టె అద్దం మీద పచ్చటి అంకెల్లో వోల్టేజీ సున్నా, కరెంటు సున్నా అని వెలుగుతుంటే, సెల్లార్లో నిలబడ్డ రాఘవేందర్ ఏమనుకుంటాడు? పని కోసం బయట లైను ఆపినవాళ్లు కరెంటు ఇంకా ఇవ్వలేదనుకుంటాడు. లేదా కొలిచే తీగలు వదులయ్యాయనుకుంటాడు.

అతనికి చేశాను, ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. ఎత్తడు. ఎత్తడని నాకు తెలుసు, ఎందుకంటే ఆ నియమం పెట్టింది నేనే. ఒకసారి పానెల్‌లో స్క్రూడ్రైవర్ పెట్టి ఉన్నప్పుడు నేను ఫోను చేశాను, ఉలిక్కిపడ్డాడు, మెరుపు లేచి చొక్కా కాలర్ కాలింది, ఇంటికొచ్చి నవ్వుతూ చూపించాడు. ఆ కాలర్ పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపుకి అత్తయ్య కూడా ఏడ్చింది. ఇక మీదట పానెల్ దగ్గరికి పోయేముందు ఫోను బండి డిక్కీలో పెట్టాలని ఒట్టు వేయించుకున్నాను, అత్తయ్య తల మీద చెయ్యి పెట్టి వేశాడు. వేసిన ఒట్టు తప్పడు. ఇప్పుడు ఆ చీరల షాపు ముందు వానలో, రెయిన్‌కోటు కింద, డిక్కీలో మోగుతోంది. ఇంకోసారి చేశాను. మళ్లీ చేశాను. నాకు భయంగా ఉంది. ఎవరితోనైనా పైకి చెబితే తగ్గుతుందేమో, నాకు భయంగా ఉందండీ అని, కానీ ఎదురుగా కూర్చున్నవాళ్లంతా ఫోన్లలోకి వంగి ఉన్నారు. ఫణీంద్ర గారికి చేస్తే కట్ చేశారు, ఆలస్యమవుతోందని చెప్పడానికి చేశాననుకుని ఉంటారు. మీటింగులో ఉన్నాను, తర్వాత చేస్తాను, అని తయారుగా ఉండే మెసేజీ ఒకటి వచ్చింది. రాఘవేందర్‌కి ప్రమాదం, షాపుకి ఫోన్ చేసి ఆపండి, అని పంపాను, చూశారో లేదో, ఆయన మీటింగులో ఫోను బోర్లించి పెట్టుకుంటారు.

అతనికొక అలవాటుంది. ఏదైనా పని చేయకపోతే వైరు పట్టుకుని ఊపుతాడు. ఇంట్లో టీవీ ఆగినా అంతే, ఫోను ఛార్జింగ్ ఎక్కకపోయినా అంతే, చెయ్యి ముందు వెళుతుంది, ఆలోచన తర్వాత వస్తుంది. పెద్ద చేతులు, గోళ్ల చుట్టూ ఎప్పుడూ నలుపు, అన్నం కలిపేటప్పుడు కూడా ఏదో బిగిస్తున్నట్టే కలుపుతాడు. ఆ చెయ్యి పానెల్ వెనక తలుపు తీస్తుంది. కొలిచే తీగల్లో పోయేది చిన్నదేం కాదు, నాలుగొందల వోల్టుల పైన. లేదు, ముందు టెస్టర్ పెట్టి చూస్తాడు, జేబులో టెస్టర్ లేకుండా గడప దాటడు, పెళ్లి పందిట్లో కూడా జేబులో టెస్టర్ ఉందని మా పిన్ని ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. టెస్టర్ పెడతాడు, లోపల దీపం వెలుగుతుంది, వెనక్కి దూకుతాడు, నన్ను నాలుగు తిట్లు తిడతాడు, అంతే. కళ్లు తుడుచుకుందామని బ్యాగులో రుమాలు కోసం చెయ్యి పెడితే గట్టిగా, సన్నగా, పసుపు పిడి తగిలింది. పొద్దున నా కళ్లజోడు కాడ వదులైతే అతని చొక్కా జేబులోంచి నేనే తీసి బిగించుకున్నాను, అతను స్నానం చేస్తున్నాడు, తిరిగి పెట్టేద్దామనే అనుకున్నాను. టెస్టర్ నా చేతిలో ఉంది. కిట్‌లో మీటర్ ఉంటుంది కదా. ఉంటుంది, కానీ దాన్ని సంచీలోంచి తీయాలి, మూత విప్పాలి, సున్నా అని ఎదురుగా రాసి ఉంటే ఎవరు తీస్తారు, అందులోనూ అది నేను రాసిన కొలత. నీ లెక్క సున్నా అన్నదంటే సున్నానే, అంటాడు అందరి ముందూ. నామీద అంత నమ్మకం ఎందుకు పెట్టుకున్నావు, కాస్త అనుమానించి ఉండాల్సింది, అందరు మొగుళ్లలా పెళ్లానికేం తెలుసని ఒక్కసారైనా అనుకుని ఉండాల్సింది.

అత్తయ్యకి ఏం చెబుతాను? ఒక్క అక్షరం అత్తయ్యా, అని చెబుతానా? ఆమెకి ఆ అక్షరం వచ్చు. ఫోను ఎదురుగా పెట్టుకుని, ఐ యామ్ మంగవ్వ, ఐ యామ్ హ్యాపీ, అని మధ్యాహ్నాలు గట్టిగా చదువుకుంటుంది. రైలు ఎందుకు కదలదు? వాన కాదేమో, కరెంటేమో, అక్కడ సెల్లార్లో ఏదో అయి ఈ ఊరంతటికీ పోయిందేమో, అతని ఒంట్లోంచి పోయిన కరెంటు వల్లనే ఈ రైలు ఆగిందేమో. ఇదీ పిచ్చి ఊహే, రైలు దీపాలు వెలుగుతున్నాయి, ఏసీ వస్తోంది. ఊహ పక్కన నిజం ఉండాలి, సున్నా అయినా సరే. షాపు నంబరు ఎలా? ఆ షాపు పేరుతో ఊళ్లో చాలా బ్రాంచీలున్నాయి, నెట్‌లో వెతికితే దిల్‌సుఖ్‌నగర్‌ది వచ్చింది, అక్కడెవరో పంజాగుట్ట నంబరు మాకు తెలియదన్నారు. చూసుకోకుండా రెండోసారి అదే నొక్కాను. అప్పుడు కనిపించింది. తలుపు దగ్గర సీటులో ఒక పెద్దామె ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చుంది, ఎర్ర సంచి, ఆషాఢం ఆఫర్ అని పెద్ద అక్షరాలు, కింద ఆ షాపు పేరు, పంజాగుట్ట, దాని కింద అంకెలు ఆమె చేతివేళ్ల మధ్యన.

వెళ్లి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. ఆమె సంచిని గుండెకి హత్తుకుంది. "గిది నాది బిడ్డా, చీరె వాపస్ ఇయ్యనీకి పోతున్న, బార్డర్ల రంగు దిగింది." సంచి వద్దమ్మా, దాని మీద నంబరు కావాలి, మా ఆయన ఆ షాపులో ఉన్నాడు, అన్నాను. ఆమె నా మొహం చూసి చెయ్యి తీసేసింది, సంచి నిటారుగా పట్టుకుని, కొట్టు బిడ్డా, అంది. అంకెలు తడిసి కొంచెం చెదిరాయి గానీ కనిపిస్తున్నాయి. మోగింది. ఎవరో ఎత్తారు, వెనక పాట, గాజుల చప్పుడు. "నమస్తే మేడం, దివ్యశ్రీ మాట్లాడుతున్న, పట్టుచీరల సెక్షన్." చిన్న గొంతు, చదువుకుంటూ ఉద్యోగం చేసే పిల్ల గొంతు. దివ్యశ్రీ, మీ సెల్లార్లో కరెంటు పెట్టె దగ్గర ఒకాయన పని చేస్తున్నాడు, ఆయనకొక మాట చెప్పాలి, ఇప్పుడే, అన్నాను. "ఫ్లోర్ ఇడిశిపెట్టి పోతే సూపర్‌వైజర్ తిడ్తడు మేడం, కరెంటు గురించి అయితే ఫికర్ లేదు, ఇందాకనే వచ్చింది. జనరేటర్ బంద్ అయింది, ఏసీలు సుత నడుస్తున్నయ్."

కరెంటు వచ్చింది. పైన వచ్చింది, వెనక సందులో జనరేటర్ ఆగింది, సెల్లార్లో వెలిగేది ఎప్పుడూ ఇన్వర్టర్ దీపమేనని నిన్న చెప్పాడు, అతనికి ఆ సంగతి తెలియదు. అతని ముందు సున్నా, సున్నా. "అమ్మా దివ్యశ్రీ, ఆయన నా భర్త. అక్కడ కరెంటు లేదని చూపిస్తుంది, ఉంది. ముట్టుకుంటే చచ్చిపోతాడు. నువ్వు మెట్ల మీదే నిలబడి కేకెయ్యి, లోపలికి వెళ్లకు, నువ్వు దేన్నీ పట్టుకోకు. సున్నా అబద్ధం అని అరిచి చెప్పు." "సున్నా అబద్ధం," అంది ఆ పిల్ల, పాఠం అప్పజెప్పినట్టు. "గంతేనా మేడం?" అంతే, అన్నాను. ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు, చెప్పులు పరుగెత్తిన చప్పుడు, ఎక్కడికే అని ఎవరో మగగొంతు, తర్వాత ఆ షాపు. షాపంతా నా చెవిలోకి వచ్చింది. ఒకామె ఈ పచ్చ ఇంకొంచెం చిలకపచ్చలో లేదా అంటోంది. ఎవరో చీర దులిపారు. మా పెళ్లి చీర కూడా పంజాగుట్టలోనే కొన్నాం, అది వేరే షాపు, రాఘవేందర్ చీరలు చూడకుండా పైన ఫ్యాను వంకర తిరుగుతోందని సేల్స్‌మన్‌కి చెబుతూ కూర్చున్నాడు. మెట్లు ఎన్నుంటాయి సెల్లార్‌కి? ఆ పిల్ల చుడీదార్ వేసుకుందో చీర కట్టుకుందో, చీరైతే కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడవూ? తలుపు వేసి ఉంటే? అతనికి పని చేసేటప్పుడు తలుపు వేసుకునే అలవాటు. దేవుడా, నేను నీకు ఏమీ మొక్కుకోలేదు ఇన్నాళ్లూ, ఇప్పుడు ఏం మొక్కుకోవాలో కూడా తెలియడం లేదు.

పాట ఆగిపోయింది. పాటే కాదు, అప్పటిదాకా వెనక ఉందని కూడా తెలియని ఒక హోరు, ఏసీలదో ఏమో, అదీ ఆగిపోయింది. అయ్యో కరెంటు పోయింది, అంది ఎవరో ఆడమనిషి, మామూలుగా, ఇంట్లో పోయినప్పుడు అన్నట్టు. ఎందుకు పోయింది? అతను మెయిన్ కొట్టేసి ఉండాలి. కొట్టేసి ఉండాలి. లేకపోతే, లేకపోతే బయట ఫ్యూజు ఎగిరి ఉండాలి, ఫ్యూజు ఎందుకు ఎగురుతుంది, అతను ఊపిన తీగ దేనికో తగిలితే ఎగురుతుంది. మా పెట్టె ఆపదు, మా పెట్టెకి ఏమీ కనబడదు, అది ఇప్పటికీ సున్నా అనే అంటుంది. చీకట్లో ఆడవాళ్లు నవ్వుకుంటున్నారు, ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది, సెల్‌ఫోన్ లైట్ వెయ్యమని ఒకరు. రైలు కదిలింది. కదిలిందని నాకు తెలియలేదు, పెద్దామె నా మోచెయ్యి పట్టుకుని లేపింది. పంజాగుట్ట వచ్చిందేమో, తలుపులు తెరుచుకున్నాయి, వాన వాసన వచ్చింది, నేను అడుగు తీయలేదు, కదిలితే ఆ చెవిలోని చీకటి తెగిపోతుందని భయం. "దిగు బిడ్డా, దిగు," అని ఆమె నన్ను బయటికి లాగింది, ఎర్ర సంచి నా నడుముకి తగులుతోంది. ప్లాట్‌ఫాం మీద నిలబెట్టింది. ఆమె వెళ్లిపోలేదు, పక్కనే నిలబడి నా మొహం చూస్తోంది, నా మొహంలో ఏముందో ఆమె పెదాలు కదులుతున్నాయి. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో టెస్టర్, పసుపు పిడి చెమటకి జారుతోంది.

అటు అడుగులు. పరుగు కాదు, నడక, బరువుగా. ఆ పిల్ల చెప్పులు కావు. వార్త చెప్పడానికి వచ్చేవాళ్లు ఇలాగే నడుస్తారు. ఫోను ఎత్తారు, ఊపిరి వస్తోంది, రొప్పుతున్నట్టు, ఎవరిదో పోల్చుకోలేకపోయాను. సూపర్‌వైజర్ అయి ఉండాలి. యజమాని అయి ఉండాలి. మీరు ఆయనకేమవుతారమ్మా అని అడుగుతారు ఇప్పుడు. "ఎవరు?" అన్నాను.

"నేను."

"ఎవరు? నేనంటే ఎవరు?"

"నేనే, ధాత్రీ." రాఘవేందర్ గొంతు. "వైరు పట్టవోయిన. చెయ్యి గింత దూరంల ఉండె. గా పిల్ల మెట్ల మీదికెల్లి మొత్తుకున్నది, సున్నా అబద్ధమని. గప్పుడు ఎర్కైంది. మెయిన్ నేనే కొట్టేసిన. జర కూసుంట."

తిట్టాల్సినవి చాలా ఉన్నాయి. ఉమ్మడి ఫైలు ముట్టుకుంటే నాకు చెప్పాలని, చెప్పాడనీ, చెప్పినప్పుడు నేను వినాలనీ, టెస్టర్ గురించీ. ప్లాట్‌ఫాం మీద జనం మమ్మల్ని తప్పుకుని పోతున్నారు, పెద్దామె నా వీపు మీద చెయ్యి వేసి రాస్తోంది, భయం పోయిందో లేదో తెలియడం లేదు.

"మళ్లీ చెప్పు," అన్నాను.

"ఏం చెప్పాలె?"

"ఎవరో చెప్పు."

నెమ్మదిగా, బడిలో హాజరు పలికినట్టు, నేను, అన్నాడు.